రెండువేల రెండువందల కాడ

జూన్ రాత్రి. చిత్తూరు.
పలమనేరు రోడ్డు పొడుగునా
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా
తోతాపురి ట్రాక్టర్లు వరసకట్టి నిద్రపోతున్నాయి.
షెడ్డులోకి గాలి తిరిగితే
మాగిన కాయల వాసన ముందు,
గ్రీజు వాసన తర్వాత.

కాంటెస్సా ముక్కు విప్పి పెట్టినాం.
రేడియేటరు గోడకు ఆనుకోనుంది,
బెల్టు నా భుజం మీదుంది.
మధ్యాహ్నం పుష్పవేణి టీచరమ్మ చెప్పింది ఇంతే:
"అరవై కాడ ఒక వణుకు వస్తాది.
డెబ్బైకి పోతే ఉండదు, యాభైలో ఉండదు.
ఆ మధ్యలోనే,
స్టీరింగులో చీమలు పాకినట్టు."

ఏకాంబరం మేస్త్రి బీడీ ఆర్పినాడు.
"ప్రతి ఇనుముకూ ఒక వేగం ఉంటాదిమ్మా,
ఆ వేగం కాడ దాని గుట్టు బయటపడతాది."

పాత డ్యాంపరు నేనే పీకినా.
పుల్లరు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి, కాస్త కాస్త,
కిర్రుమని ఒక్కసారి అరిచి
కొబ్బరిచిప్ప ఊడినట్టు చేతిలోకి వచ్చేసింది.
లోపలి ఉక్కుకూ బయటి ఉక్కుకూ నడుమ రబ్బరు పట్టీ
ముప్పై ఏండ్ల వేడికి
మడమల మాదిరి పగిలింది.
గీరితే నల్లపొడి.
బయటి రింగు జారి
టైమింగు గీత రెండు వేళ్ళు పక్కకు పోయుంది.
ఎన్నేండ్లుగా తప్పు చెబుతా ఉండిందో,
ఎంతమంది నమ్మి ట్యూనింగు చేసినారో.

క్రాంకు అంటే వంగని కడ్డీ అనుకునేవాణ్ణి.
మంట పడిన ప్రతిసారీ అది
తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతాదంట,
మళ్ళా విప్పుకుంటాదంట.
కంటికి ఆనదు.
ఆ మెలిని తాగేదానికే కొనన ఈ బరువు.
తాగేది లేకుంటే
ఉక్కయినా ఒకనాడు తెగుతాది, చెప్పకుండా.

కొత్తది కోయంబత్తూరు నుంచి లారీ ఆఫీసులో దిగింది.
అట్టపెట్టె మీద అరవం రాత,
లోపల చుట్టిన పాత పేపరూ అరవమే.
అరకేజీ బరువెక్కువ.
కంపెనీది కాదు. ఆ కంపెనీయే ఇప్పుడు లేదు.
"డూప్లికేటా మేస్త్రీ?" అన్నా.
ఆయన నా మొగం చూసినాడు.
నన్ను కూడా
పుంగనూరు బస్టాండులోంచి తెచ్చి
ఈ షెడ్డుకు బిగించిందే కదా.
ఇంకేం అడగలేదు.

కామాక్షమ్మ ఇడ్లీ గిన్నెలో ఉడుకునీళ్ళు పోసి
డ్యాంపరు ముంచినాం.
"రేపటి నుంచి దీంట్లో ఇడ్లీలు నువ్వే తిను"
అని ఆమె మొగుణ్ణి తిట్టి పోయింది.
కీ కూర్చోబెట్టి, సీలు పెదవికి నూనె పూసి,
సుత్తికోసం చెయ్యి చాపినా.
చేతి మీద ఒకటి పడింది.
"కొట్టి ఎక్కించేది కాదు రా ఇది.
పిలిచి ఎక్కించాల."
పొడుగు స్టడ్డు, బేరింగు, నట్టు.
పావు చుట్టు, పావు చుట్టు,
కొత్తపెండ్లికూతురు గడప దాటినంత నిదానంగా
అని ఆయనే అన్నాడు, నాకు నవ్వొచ్చింది.

రెండేండ్లుగా మేస్త్రి కుడిచెయ్యి వణుకుతాంది.
ఊరికే ఒళ్ళో పెట్టుకున్నా వణుకే.
టీ సగమే పోపిచ్చుకుంటాడు.
చివరి బోల్టుకు టార్కు రెంచి పట్టినాడు,
బరువు చేతిలో పడిందో లేదో
వణుకు ఆగింది.
క్లిక్.
రెంచి కింద పెట్టినాడు.
మళ్ళా మొదలు.
నేను గుడ్డతో ఫెండరు తుడస్తా ఉండినా,
తుడిచిందే తుడస్తా.

తెల్లారుజామున స్టార్టు చేసినాం.
పదిహేను వందలు. రెండువేలు.
రెండువేల రెండువందల కాడ
ఫెండరు మీది టీ గ్లాసులో
మీగడ కూడా ముడత పడలేదు.
"పోయింది మేస్త్రీ!" అని అరిచినా.

ఆయన బానెట్ మీద చెవి పెట్టి
ఇంకా ఎక్కించమన్నాడు. ఇంకా.
మూడువేల ఐదువందలు దాటినాక
సన్నగా, ఎక్కడో లోపల.
"యాడికి పోతాది?
ఆయమ్మ పోని వేగానికి నెట్టినాం, అంతే."

బయట మొదటి ట్రాక్టరు కదిలింది.