అరవై చుక్కలు

నాది స్పీకర్లు అద్దెకిచ్చే కొట్టు,
తూరాలో, రింగ్రే మలుపు దగ్గర.
పెళ్లికీ అవే పెట్టెలు, చావుకీ అవే,
చర్చి సభలకైతే కాస్త తుడిచి పంపిస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి గొంతులన్నీ
నా తీగల్లోంచే వెళ్లాయి.
అంతమాత్రాన విన్నానని కాదు.

గ్రెసిల్లా అరెంగ్ వచ్చిన రోజు వాన.
(తూరాలో ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.)
వెనక ఇద్దరు కుర్రాళ్లు,
బిల్సెంగ్ చేతిలో అంచు విరిగిన డ్రమ్ము తాళం.
"అన్నా, శనివారం. కమ్యూనిటీ హాలు.
రెండు పెట్టెలు, మూడు మైకులు. డబ్బు తర్వాత."
తర్వాత అనే మాట నాకు పాత చుట్టం.
"ఏం పాడతారు?"
"పాడం. చెప్తాం.
మన భాషలో, దెబ్బకి తగ్గట్టు."

ఇంటికి ఆమె కడగొట్టు పిల్ల,
మా గారోల్లో ఇల్లు ఆమెదే.
వెనక గదిలో డ్రమ్ములు ఆమెవి,
రేకు మీద వాన ఆమెది.
అయినా మేనమామలు నలుగురూ వక్క నములుతూ
ఒక ఆదివారమంతా కూర్చుని తీర్పు చెప్పారు:
రాత్రి తొమ్మిది దాటితే దెబ్బ వినపడకూడదు.
తొమ్మిది దాటాక
వాళ్లు తొడల మీద కొట్టుకుంటూ సాధన చేశారట.
బిల్సెంగ్ చూపించాడు. కమిలిపోయి ఉన్నాయి.

పోస్టర్లు అచ్చయి వచ్చాయి, అరవై.
పసుపు కాగితం మీద ఎర్రటి అక్షరాలు.
బాగానే ఉన్నాయే అనుకున్నాను.
గ్రెసిల్లా మొహం మాడిపోయింది.

మా రాతలో ఒక చుక్క ఉంటుంది, రాకా అంటాం.
అక్కడ గొంతు టక్కున మూసుకోవాలి,
తలుపేసి, గడియ పెట్టి, మళ్లీ తీసినట్టు.
ఆ·ఆ అంటే నేల.
చుక్క తీసేస్తే అది ఆవులింత.
ప్రెస్సువాడి కంప్యూటర్లో ఆ చుక్క లేదట.
"ఎవరు చూస్తారమ్మా?" అన్నాడట.

ఆ రాత్రి మార్కర్ పెన్ను పట్టుకుని
హవాఖానా నుంచి చాంద్‌మారీ దాకా
గోడ గోడకీ, మాంసం కొట్టు తలుపుకీ,
ఆగి ఉన్న బొగ్గు లారీ వెనక్కీ
అరవై చుక్కలు పెట్టి వచ్చింది.
తెల్లారేసరికి వాన
ప్రతి చుక్కకీ ఒక తోక తగిలించింది.

శనివారం ముప్పై ఎనిమిది మంది.
లెక్కెలా తెలుసంటే, కుర్చీలూ నావే.
సగం మంది వాళ్ల పినతల్లుల పిల్లలు,
తలుపు దగ్గర ఒక పాస్టరు, వెళ్లాలా ఉండాలా అన్నట్టు.
ముందు హైస్కూలు పిల్లల బ్యాండు
ఎప్పుడూ చూడని సముద్రం గురించి
ఇంగ్లీషులో ఏడ్చి దిగింది.
తర్వాత ఈమె.
వక్క ఒలిచి ఒలిచి నల్లబడ్డ అమ్మమ్మ వేళ్లు,
గువాహటి హాస్టల్లో తన పేరు నమిలి ఉమ్మేసిన వార్డెను,
వరదకి పోయిన వంతెన, దాని మీద మిగిలిన శంకుస్థాపన పలక.
మూడో కథ మధ్యలో కరెంటు పోయింది.

నా పెట్టెలు చచ్చాయి.
నేను జెనరేటర్ దగ్గరికి పరిగెత్తాను.
ఆమె ఆపలేదు.
చీకట్లో గొంతు, ఒట్టి గొంతు,
చుక్క వచ్చిన చోటల్లా మూసుకుంటూ.
ఒక మూతలో
బిల్సెంగ్ తొడ మీద దెబ్బ.
తర్వాతి మూతలో
హాలంతా కాళ్లు.
మొదట పడ్డవి పాస్టరువని నా అనుమానం.

ఇరవై రెండేళ్లు మోత అమ్ముకున్నవాణ్ణి,
జెనరేటర్ తాడు చేతిలో ఉంది.
లాగలేదు.

అద్దెలో పదకొండు వందలు బాకీ.
మొన్న అర బస్తా వక్కలు తెచ్చి దింపి
"ఇంకా ఆరు వందలు" అంది, తనే లెక్కగట్టి.
వెళ్తూ వెళ్తూ తలెత్తి నా బోర్డు చూసింది.
"అన్నా, నీ పేరు తప్పు."

నిజమే. నా పేరులోనూ ఉందొక చుక్క.
పెయింటరు పెట్టలేదు, నేను అడగలేదు,
ఇన్నేళ్లూ ఊరు నన్ను ఆవులిస్తూ పిలిచింది.
"పెట్టి పో," అన్నాను.
పెన్ను నా చేతికిచ్చి
కుర్చీ లాక్కొచ్చి వేసింది.
అదీ నాదే.