నూరు సెంట్లు

పత్తికొండ లాడ్జి, మేడ మీద ఏడో నంబరు గది.
ఫ్యాను ఆపేశాం, కాగితాలు కదలకూడదని.
ఉత్తరం కిటికీ ఒక్కటే తెరిచాం.
రాయిని ఎండలో చూడకూడదు, ట్యూబులైటు కిందా చూడకూడదు,
ఉత్తరపు వెలుతురు అబద్ధమాడదని
జిలానీ సేటు నాకు నేర్పిన మొదటి పాఠం.

రెండోది: నూరు సెంట్లు ఒక క్యారెట్టు.
నాకు నవ్వొచ్చింది.
మా ఊళ్ళో నూరు సెంట్లంటే ఎకరా,
పొద్దున దిగిన ఎద్దులు
మధ్యాహ్నానికి గానీ గట్టెక్కవు.
ఇక్కడ నూరు సెంట్లు
కందిబేడంత.

రంగు చూడాలంటే తెల్లకాగితం మడిచి
ఆ మడతలో రాయిని పడుకోబెట్టాలి.
డి అంటే నీళ్ళు.
బోరులో మొదట ఎగజిమ్మే ఎర్రనీళ్ళు కాదు,
నాలుగు రోజులు పారాక తేరుకున్న నీళ్ళు.
అక్షరం దిగేకొద్దీ గంజితేట, నిమ్మరసం,
టీ వడగట్టిన గుడ్డ.
జెడ్ దాకా నేనింకా పోలేదు.

కట్ సంగతి అడిగితే సూరత్ వైపు చెయ్యి ఊపాడు.
"అది రాయి గుణం కాదురా, మనిషి గుణం.
అక్కడ సగం రాయి దుమ్మయిపోతుంది,
మిగిలిన సగానికి పేరొస్తుంది."

జూన్ రెండో వారం, తొలకరి తడి ఆరకముందే
తుగ్గలి బస్సు దిగి ఉలిగమ్మ వచ్చింది.
ఆకువక్కల సంచి తీసింది,
సంచిలోంచి సున్నపు డబ్బా,
డబ్బాలోంచి రాయి.
కొంగుతో తుడిచి, నోటి ఆవిరి ఊది, మళ్ళీ తుడిచింది.
ఆవిరి నిలవలేదు. అంటిన చోటే ఆరిపోయింది.

సేటు భూతద్దం కంటికి ఆనించాడు.
పదింతల లోకంలోకి పోయి తీరిగ్గా తిరిగొచ్చాడు.
"పసుపు కొడుతోందమ్మా. లోపల మచ్చ. పక్కన పగులు."
బల్ల కింద ఆయన చిటికెనవేలు
నా మోకాలిని రెండుసార్లు నొక్కింది.
రెండుసార్లంటే మేలురకం.

మూడో పాఠం ఆయన నోటితో నేర్పలేదు.
రాయి కంటే ముందు చెప్పులు చూడాలి,
తెగిన ఉంగటానికి పిన్నీసు ఉందా.
కూర్చున్నారా, నిలబడే ఉన్నారా.
తిరుగు బస్సు ఎన్నింటికని ఎన్నిసార్లు అడిగారు.

నేనూ చూశాను.
మచ్చ ఉంది, నువ్వుగింజలో నూరో వంతు.
దాని చుట్టూ వెలుతురు
దారి తప్పకుండా నడుస్తోంది. పగులు లేదు.

"అబ్బీ, నువ్వు సెప్పు. ఎన్ని సెంట్లుండాది?"
తూచి, ఎనభై మూడన్నాను.
ఉలిగమ్మ నోరారా నవ్వింది.
"మా చేను అరవయ్యే నాయనా!
చేని కన్నా పెద్దదే దొరికిండాదే చేన్లో!"

సేటు నవ్వలేదు. ఒక అంకె చెప్పాడు.
ఆమె ఆ అంకెను కాసేపు అలాగే ఉండనిచ్చి,
"ఇన్ని వంకలుంటే మీకెందుకు సామీ?" అంది.
రాయి సున్నంలోకి పోయింది. మూత టక్కుమంది.
సేటు అంకె పెంచాడు. మెట్ల దాకా పెంచాడు.
కింద కండక్టరు విజిలు.

"మళ్ళీ వస్తుందిలే," అని
జేబు డైరీలో మాత్రం నిజమే రాసుకున్నాడు:
ఎనభై మూడు. ఎఫ్. చిన్న మచ్చ.
తర్వాత ఫ్యాను వేయమన్నాడు.

వేసేముందు, అలవాటు కొద్దీ,
ఖాళీ మడతలోకి భూతద్దం వంచాను.
పొడిపొడిగా సున్నం, ఒక ఎర్రమట్టి రేణువు.
ఎవరి చేనిదో తెలుసు.
ఎన్ని సెంట్లో కూడా.