చెంప మీద ఎరుపు

ముందు చెంప చూడమన్నాడు ఛువాంగ్ తాత.
సీసా ఎత్తి ఎండకి అడ్డంగా పట్టుకో,
మొప్ప మూత మీద నిలువుగా రెండు పచ్చ గీతలు,
అంతే ఉండాలి.
ఎరుపు పిసరంత కనబడిందా,
దాని ముత్తవ్వ ఎవరో
పందెం చేపతో కాపురం చేసిందన్నమాట.

తర్వాత ఒళ్ళు.
నల్లటి ఒంటి మీద పొలుసులు
కండె మీద గింజల్లా వరస తప్పకూడదు.
తోక మరీ విప్పారి
పెళ్ళికి బయల్దేరినట్టుంటే అనుమానించు.

రాత్రంతా రొయ్యలు ఒలిచిన చేతులతో
పగలు ఆయన రేకుల షెడ్డులో సీసాలు కడుగుతాను.
మూడు వందల పన్నెండు సీసాలు.
సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క,
లేకపోతే ఎదుటివాణ్ణి చూసి
గాజుకి తల బాదుకుంటాయి.
ప్రతిదాంట్లో ఒక ఎండు బాదం ఆకు,
నీళ్ళు పల్చటి టీ రంగులో.

మహాచాయ్ ఉప్పుమళ్ళ వెనక
నీపా మట్టల మొదట్లో నిలిచే
చారెడు ఉప్పనీటిలో నురగ గూడు కట్టే చేప ఇది.
ఆ మట్టలు నరికి శీతల గిడ్డంగులు కట్టారు.
నేను రొయ్యలు ఒలిచేది
వాటిలో ఒకదాంట్లోనే.

"మరి ఆడవాటిని ఎలా పోల్చాలి తాతా?"
అన్నీ ఒకటే మట్టిరంగు, ఒకటే బెదురు.
ఆయన నీళ్ళు నమిలాడు.
బొటనవేలితో ఒక సీసా మూత చాలాసేపు తుడిచాడు.
"పోల్చలేం. కడుపు పండాక,
పిల్లల పిల్లలు రంగు తేలాక,
అప్పుడు తెలుస్తుంది ఎవరితో మోసపోయామో."

వరదొచ్చిన ఏడు సీసాలన్నీ తేలాయట.
చీటీల మీద సిరా కరిగి
కాలవల పేర్లు, సంవత్సరాలు కాలవలోనే కలిశాయట.
మగవాటిని చెంపలు చూసి ఏరుకున్నాడు.
ఆడవాటిని?
నడుం లోతు నీళ్ళలో నిలబడి
దేవుడి మీద భారం వేశాడు.
అప్పట్నుంచి మూడో అరుగు సంతానంలో
నూటికొకటి ఎర్ర చెంపతో పుడుతోంది.

శనివారం బ్యాంకాక్ నుంచి పిమ్‌లదా వచ్చింది,
భూతద్దం, చిన్న లైటు, మంచి చెప్పులు.
మూడో అరుగు దగ్గరే ఆగింది.
"ఇంత పచ్చదనం నేనెక్కడా చూళ్ళేదు.
ఏ కాలవవి? ఎంతైనా ఇస్తాను."
తాత అప్పుల పుస్తకం నాకు తెలుసు.
పేజీలు కూడా తెలుసు.
ఆయన చీటీ తీసి మెల్లగా రాశాడు:
తెలియదు.
ఆవిడ లైటు ఆర్పేసి రెండో అరుగుకి వెళ్ళింది.

సోమవారం నా గులాబీ కార్డు గడువు.
ఆఫీసులో అతను కార్డుని వెలుతురుకెత్తి
ఒకసారి దాన్ని, ఒకసారి నా చెంపని చూశాడు.
రైల్లోనే కొంగుతో తుడిచేశాను గాని
తనకా గంధం తెల్లగా
చెవి పక్కన కొంచెం మిగిలిపోయినట్టుంది.
నవ్వలేదు, కోప్పడలేదు.
మూడు నెలలకి ముద్ర వేశాడు.

తిరిగొస్తే తాత నా చెంప చూసి అన్నాడు,
"మా నాయనమ్మా రాసుకునేది.
చేపని ఏదో అనేది, పొట్టి మాట.
క..."
"కా," అన్నాను.
"ఆ. కా."
ఎన్ని తరాల కింద ఏ నది దాటి వచ్చారో
ఆయనకి గుర్తు లేదు.
ఆ ఒక్క మాట ఉంది, నోట్లో
గూటి అంచున ఆగిన నురగ బుడగలా.

షెడ్డు వెనక పాత సిమెంటు తొట్టి ఉంది.
ఎర్ర చెంపలవి అమ్మడు, చంపడు,
అక్కడ వదులుతాడు.
కొన్ని కొట్టుకుంటాయి.
చాలా వాటికి తోకలు చిరిగి ఉంటాయి.
ఆ తొట్టికి ఇన్నేళ్ళూ చీటీ లేదు.
కలం నా చేతికిచ్చి
"నీకు తెలిసింది రాయి," అన్నాడు.

మా మోన్ లిపిలో గుండ్రంగా రాశాను.
ఆయనకి చదవడం రాదు, అడగనూ లేదు.
సాయంత్రం గుప్పెడు దోమపిల్లలు వేశాను.
అన్నీ ఒక్కసారే పైకొచ్చాయి.