రఫూ

కరూ ఎడారి అంచున, మా పేటలో
కుట్టుమిషను నాదొక్కటే.
లౌబ్సర్ దొర వచ్చాడు, చంకలో కాగితం పొట్లం.
మంచి మనిషే. చిల్లర ఎన్నడూ వెనక్కి అడగడు.
మా ఆయన పోయినప్పుడు
శవపేటిక తన బండిలోనే చేర్చాడు.

విప్పితే పాత జెండా.
నారింజ, తెలుపు, నీలం.
నడుమ మూడు బుల్లి జెండాలు,
వాటిలో ఒకదాన్ని చిమ్మట తినేసింది.

"మా నాన్నది, డోర్కాస్. వరండాలో కడదామని.
ఉత్త జ్ఞాపకం. ఇంకేం లేదు."

సూది కోసం సోదికెళితే అంటారే,
బొటనవేలికి ఆ బట్ట గరుకు తగలగానే
నాకు ఏడేళ్ళు.
లారీ మీద మా వంటింటి తలుపు,
తలుపు మీద అమ్మ, ఒళ్ళో కోళ్ళ గంప.
ఈ వీధి ఇక తెల్లవాళ్ళదని
గుమాస్తా కాగితం చదువుతున్నాడు.
అతని వెనక, ఠాణా మీద, ఇదే
గాలికి రెపరెపా.
అందంగానే ఉండింది. అదీ గుర్తే.

కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
"నీలం దారం అయిపోయింది."

దొర చూపు గోడకున్న రీళ్ళ మీదికి పోయింది.
నాలుగు రకాల నీలాలు, వరసగా.
నేనూ అటే చూశాను.
బయట బండిలో ఆయన కుక్క మొరుగుతూనే ఉంది.

అంత బట్ట మడవడానికి ఒకరి చేతులు చాలవు.
అటు కొస ఆయన, ఇటు కొస నేను,
దగ్గరికొచ్చి అంచులు కలిపాం
దుప్పటి మడిచే మొగుడూపెళ్ళాల్లా.
చేతిలో పెట్టాను.
చిమ్మట కన్నంలోంచి
ఆయన వేలు బయటికొచ్చింది.

"ఎంతివ్వమంటావు?" అన్నాడు, అలవాటుగా.