పుట్టిలో అలుక

పుట్టిలో అలగరాదు.
ఇంట్లనైతే గోడదిక్కు తిరిగి పండొచ్చు,
పొయ్యికాడ గిన్నెలు గట్టిగ పెట్టొచ్చు,
సద్ది కట్టి, మాట కట్టకుండ చేతికియ్యొచ్చు.
పుట్టిలో ఆయన బరువు అటు, నా బరువు ఇటు.
ఒకరు మొఖం తిప్పుకుంటే
కోయిల్‌సాగరంతా తిరుగుతది.

మూడు దినాలాయె మాటల్లేవు.
నా పట్టగొలుసులు దేవరకద్ర సేటుకాడ పెట్టి
కొత్త వల తెచ్చిండు.
అడగలే. తెచ్చినంక చెప్పిండు.
"నాలుగు వేళ్ల కన్ను, బొచ్చెలు తప్పించుకోలేవు" అని
గడపలనే విప్పి చూపిచ్చిండు,
చీర తెచ్చినోని లెక్క.
నేను నా కాళ్లు చూసుకున్న.
గొలుసులుండె జాగల తెల్లటి గీత.

మబ్బుల లేసినం.
పుట్టిని తలమీద బోర్లిచ్చుకొని ఆయన ముందు నడిచిండు,
వెనకనుంచి చూస్తే కాళ్లమీద నిలబడ్డ తాబేలు.
నవ్వొచ్చింది. మింగిన.
అడుగుకు కుట్టిన యూరియా సంచిమీద
తారు పూసినా అక్షరాలు కనపడుతయి.
మా చిన్నోడు చదివి చెప్పిండొకసారి,
కొక్కేలు వాడరాదని రాసుందట.
మేం వలోళ్లం, మాకేం భయం.

తెడ్డు నాది. వల ఆయనది.
ముందుకు వంగి నీళ్లల్ల ఎనిమిది అంకె రాయాలె,
ఉత్తగ లాగితే గిరగిర, బొంగరం బతుకు.
నాకు ఎనిమిది రాయనొస్తది.
మిగిలిన అంకెలు కాంటకాడ మోసపోయి నేర్సుకున్న.

ఆయన వల విడుస్తుండు,
థర్మాకోల్ ముక్కలు ఒకటెనక ఒకటి తేలుతున్నయి.
ఎటు పోవాల్నో చెప్తలేడు,
గదువతోని చూపెడుతుండు.
నేను చూడనట్టే చూసి అటే పోతున్న.

తూముకాడ నీరుకాకి రెక్కలారేసుకుంది.
పొద్దెక్కినంక గుంజితే
మొదాలు రెండు జిలేబీలు, ఒక జెల్ల,
కిలో మీద పావు తూగే రవ్వ.
అవతల వల రాలే.
గుంజిండు. పుట్టి అటు ఒరిగింది.
నేను ఇటు ఒరిగిన.

ఆడ నీళ్ల కింద బావి ఉన్నదంటరు.
కట్ట పడకముందు మా మామ తాత మోటకొట్టిన బావి.
రాళ్ల ఒర ఇంకా నిలవడ్డదట,
ఎండకాలం నీళ్లు తగ్గినా పైకి రాదు.
నీళ్లల్ల మునిగిన బావి
ఎవరి దూప తీరుస్తదో.

అంగీ విప్పి నా ఒడిల ఏసిండు,
బీడీకట్ట, అగ్గిపెట్టె అందులనే.
మునిగిండు.

అలలు సదురుకున్నయి.
పుట్టి నా దిక్కే బరువై వంకరగ నిలిచింది.
నడుమకు జరిగిన.
నడుమ కూసుంటే తెలిసింది పుట్టి ఎంత పెద్దదో.
లెక్క పెట్టిన. ఇరవై. నలభై.
బుడగలు ఆగినయి.
తెడ్డుతోని నీళ్లమీద కొట్టిన.
"ఓయ్" అన్న. "ఇగో" అన్న.
"పెద్దోని నాయినా" అన్న.
పన్నెండేండ్లు పిలిచిన పిలుపులన్నీ
పైపైననే తేలినయి థర్మాకోల్ లెక్క.

పెండ్లినాడు ఆడబిడ్డలు గడపకడ్డం నిలబడి
పేరు చెప్తెనే లోపలికి అంటే
నమిలి, మింగి,
వాళ్లు విసిగి వదిలేసేదాక చెప్పని పేరు

"కుర్మయ్యా!"

గుట్టకు తగిలి తిరిగొచ్చింది.
నీరుకాకి లేసిపోయింది.
అంత దూరంల బుచ్చన్న తన పుట్టిలకెల్లి తలెత్తి చూసిండు.

ఆయన నా వెనక తేలిండు.
అంచు పట్టుకొని దగ్గిండు.
కండ్లు ఎర్రగ, చేతిల వల,
జానెడు చినిగి.
"ఎవరో పిలిసిండ్రు" అన్నడు.
"బుచ్చన్న" అన్న.

బుచ్చన్నకు ఆడగొంతు ఎప్పుడొచ్చె అని అడగలే.
ఎక్కి కూసున్నడు, పుట్టి సక్కగైంది.
చేపలమీద తడిగోనె కప్పి
"ఇటు" అన్నడు, నోటితోని.

తిప్పిన.
గొలుసుల సంగతి ఒడ్డుమీద.