గిఫ్టు రిజిస్టరు

ఐదొందలు దాటితే రాయాలి.
దాటకపోతే మర్యాదకి తీసుకోవచ్చు.
సర్క్యులర్ మూడో పేజీలో నా సంతకం ఉంది,
మిరప ఘాటుకి తుమ్మితే వంకరపోయిన సంతకం.

దీపావళికొచ్చిన వెండి గ్లాసు వెనక్కి పంపాను.
కాజూ బర్ఫీ క్యాంటీన్‌లో పెడితే
పది నిమిషాల్లో అట్టపెట్టె మిగిలింది.
అవి తేలిక.
ఎందుకొచ్చాయో వాటి మొహానే రాసుంటుంది.

గుంటూరు యార్డులో ఏప్రిల్ ఎండ.
టిక్కీల మధ్య శాంపిల్ తీస్తూ కళ్లు తిరిగితే
కమిషన్ కొట్టు యలమంద పరుగెత్తుకొచ్చి
గొడుగు తెరిచి నా చేతిలో పెట్టాడు.
నల్ల గొడుగు, ఒక పుల్ల విరిగింది.
"ఉంచమ్మా, మా పిల్లకైతే ఇయ్యనా?"
కొత్తదైనా రెండొందలు చెయ్యదు.
రాయలేదు.

రెండు వారాలకి అకాల వాన.
ఆ వెనకే అతని లాటు.
తేమ పదమూడు.
పదకొండు దాటితే తిరగ్గొట్టాలి,
ఇన్నేళ్లూ తలెత్తకుండానే తిరగ్గొట్టాను.
ఆ రోజు మాత్రం మీటరు తుడిచి
బస్తా అడుగునుంచి కాక
పైన ఎండ తగిలిన చోట గుప్పెడు తీసి
మళ్ళీ పెట్టాను.
పన్నెండున్నర.
మూడోసారి పెట్టబోతూ చూశాను,
మూలన గోడకానించిన గొడుగు.

లాటు వెనక్కి పోయింది.
యలమంద ఏమీ అనలేదు.
గొడుగూ అడగలేదు.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
ఇచ్చినవారు: యలమంద.
వస్తువు: గొడుగు, వాడినది.
విలువ అన్న గడిలో చాలాసేపు ఆగి రాశాను:
రెండోసారి పెట్టిన మీటరు.

తెల్లారి ఆ పేజీకి
పసుపు చీటీ అంటించి ఉంది,
"దయచేసి రూపాయల్లో రాయగలరు."