ఎడమ చెవి పాట

ఎడమ చెవికే పాట.
కుడి చెవి రోడ్డుకు.
లారీలు దాటుకొని పొయ్యేది ఆ పక్కనుంచే గదా
అని చెంగల్రాయుడు పెట్టిన రూలు.

కాటాలు రిపేరు చేసేవాళ్ళం మేమిద్దరం.
ఎండాకాలం దామలచెరువు మామిడి మండీలు,
ఏడాది పొడుగునా మదనపల్లి టమాటా మార్కెట్టు.
రాత్రి మూడుకు తిరపతిలో బండి తీస్తే
వేలంపాట మొదలయ్యే లోపల
ప్రతి కాటా సున్నా చూపించాల.

ఒకటే ఇయర్‌ఫోను.
ఎడమది నాకు,
నా భుజం మీదుగా వెనక్కిపోయి కుడిది వాడికి.

మంగాపురం దాటేదాకా ఏదో ఒకటి,
నిద్ర చెదరగొట్టేవి, దిమ్ముదిమ్మనేవి.
రంగంపేట పోయి ఘాటు తగిలితే మాత్రం
ఒక్క పాత పాట, మళ్ళీ మళ్ళీ.
పేరు చెప్పను.
మీరు దాన్ని ఇంకో మాదిరిగా వినుంటారు.

నా చెవిలో అది ఒక మగమనిషి పాట.
ఒక మాట అడుగుతాడు. ఆగుతాడు.
ఆ ఆగినచోట ఏమీ ఉండదు.
రెండో గేరులో మలుపెక్కే బండి రొప్పు,
అడివిలో కీచురాళ్ళు,
నా హెల్మెట్టులో నా ఊపిరి.
మళ్ళీ అడుగుతాడు.
రాసినాయన ఎవరోగాని గొప్పోడనుకున్నా,
బదులు రాయకుండా వదిలిపెట్టినందుకు.

పీలేరులో దిగినాక చెంగల్రాయుడు
'ఆయమ్మ భలే పాడిందిరా' అనేవాడు.
'ఏ ఆయమ్మ?'
'పాడినామె.'
'అది మగోడి పాట గదరా!'
'పొయ్యి చెవుల్లో గుబిలి తీపిచ్చుకో.'
ఉప్మా చల్లారేదాకా కొట్లాట.
నాలుగేళ్ళు.
ఒక్కనాడన్నా చెవులు మార్చుకోలేదు.

పోయినేడు ఆడికృత్తికకు ముందు
వాడు నీళ్ళక్యాన్ల ఆటో కొనుక్కున్నాడు.
'కాటాల పనిలో ఏముందిరా,
బరువూ మనది గాదు, డబ్బూ మనది గాదు.'
అప్పట్నించీ కుడిది
నా చొక్కా గుండీకి తగులుకొని
తనపాటికి తాను ఏందో పాడుకుంటా వస్తాది.

మొన్న వాన.
భాకరాపేట చెక్‌పోస్టులో సంచి తడిమినారు,
ఎర్రచందనం ఉందేమోనని.
కాటా బోర్డులు, వైర్లు చూసి 'ఇదేందప్పా' అని వదిలినారు.
పక్కనే దేవసేనమ్మ టీ అంగడి.
పాలగిన్నె వెనక డబ్బా స్పీకరు.

రెండు వరసలు పొయ్యేదాకా
అది నా పాటని నాకే తెలీలేదు.
అతను అడిగినాడు. ఆగినాడు.
ఆగినచోట
ఆమె.

తొందరేం లేదు ఆ గొంతులో.
కొంచెం నవ్వు ఉంది.
అడిగినదానికల్లా, ఒక్కటీ వదలకుండా,
బదులు చెప్తా ఉంది.
నాలుగేళ్ళూ చెప్తానే ఉండినట్టుంది,
నా వీపు వెనక, జానెడు దూరంలో.

గ్లాసు చెయ్యి కాల్చింది.
'పాట మార్చమంటావా నాయినా?'
'వద్దమ్మా. మళ్ళీ పెట్టు.'

నాలుగుంపావుకు చెంగల్రాయుడికి ఫోను కొట్టినా.
ఎత్తలేదు.
ఎత్తుంటే ఏమని చెప్పేది?
ఆమె ఎవరికి బదులు చెప్తా ఉండాదో
వాడికీ తెలీదు గదా.

వాన నిలిచినాక
రెండూ రెండు చెవుల్లో పెట్టుకొని బండి తీసినా.
రెండు ఫర్లాంగులు పోయినానో లేదో,
టమాటా లారీ ఒకటి
మోచెయ్యి రాసుకున్నంత దగ్గరగా పోయింది.
హారను కొట్టే ఉంటాడు పాపం.

కుడిది పీకి
భుజం మీదుగా వెనక్కి వేసినా,
ఖాళీ సీటు మీదికి.

ఆ పొద్దు మదనపల్లిలో ఐదు కాటాలు.
నాలుగు సరిపోయినాయి.
ఐదోదాన్ని ఎంత తిప్పినా, తుడిచినా
సున్నాకు రాలేదు.
పళ్ళెంలో ఏమీ లేకున్నా
ఇరవై గ్రాములు చూపిస్తానే ఉంది.